సీసా చూస్తే తెలియాలి కదా!

సంపాదకులు గారికి,

మొన్న రాత్రి అమ్మ కంటి చుక్కలనుకుని చెవి చుక్కల సీసా మూత తీసింది. రెండూ ఒకే సైజు, ఒకే తెల్ల మూత, మందు పేరేమో చీమ తలకాయంత అక్షరాల్లో. కంట్లో పడేలోపు నేను చూశాను కాబట్టి సరిపోయింది. "చూసుకోవద్దా?" అని అందరూ అమ్మనే అన్నారు. నాకైతే సీసా తయారుచేసినవాళ్లని అడగాలనిపించింది.

జపాన్ ఇంజనీరు షిగియో షింగోకి 1961లో ఒక ఫ్యాక్టరీలో ఇలాంటి సమస్యే ఎదురైంది. చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. పనివాళ్లు అప్పుడప్పుడూ ఒకటి మరిచిపోయేవారు. ఆయన పని పద్ధతినే మార్చారు. ముందు రెండు స్ప్రింగులూ చిన్న పళ్లెంలో పెట్టుకుని, తర్వాతే బిగించాలి. పళ్లెంలో ఒకటి మిగిలిందంటే మరిచిపోయినట్టే!

సిమ్ కార్డు మూల కోసి ఉండేదీ ఇలా పొరపాటు జరగకూడదనే, తిప్పి పెట్టకుండా. చాలా ఏటీఎంలు మనం కార్డు వెనక్కి తీసుకున్నాకే డబ్బిస్తాయి. డబ్బు చేతికొచ్చాక కార్డు ఎవరికి గుర్తుంటుంది మరి!

చెవి మందు మూతని చేతికి తగలగానే తెలిసేలా పలకలుగా చేయడం అంత కష్టమా? కంపెనీలు ఆలోచించాలి. అప్పటిదాకా మా ఇంట్లో ఆ సీసాకి రబ్బరు బ్యాండు చుట్టి ఉంచాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు