అట్టమీద బొమ్మ కోసం ఆల్బమ్‌నే ఆపేశారు

సంపాదకులకు,

అమెరికన్ హిప్‌హాప్ గురించి మన దగ్గర రాసేవారు లోహపు ముసుగు వేసుకున్న రాపర్ ఎంఎఫ్ డూమ్‌ను తరచుగా తలుచుకుంటారు. అంతకుముందు ఆయన నడిపిన కేఎండీ గురించి మాత్రం ఒక్క ఆల్బమ్‌తో కనుమరుగైన బృందమని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అది ఆ బృందానికి అన్యాయం. వాళ్ల రెండో ఆల్బమ్ కూడా పూర్తయింది. దాన్ని జనం దాకా రానివ్వనిది కంపెనీ.

న్యూయార్క్ రాష్ట్రం లాంగ్ బీచ్‌లో పెరిగిన అన్నదమ్ములు డేనియల్ డుమిలే, డింగిలిజ్వే డుమిలే. అన్న అప్పట్లో జెవ్ లవ్ ఎక్స్ పేరుతో రాప్ చేసేవాడు, తమ్ముడు డీజే సబ్‌రాక్. వీళ్లకు తోడు ఓనిక్స్ అనే రాపర్. ఈ ముగ్గురే కేఎండీ. 1989లో థర్డ్ బేస్ బృందం పాట 'ద గ్యాస్ ఫేస్'లో జెవ్ పాడిన చరణంతో పేరొచ్చింది. ఎలెక్ట్రా కంపెనీ ద్వారా 1991 మేలో 'మిస్టర్ హుడ్' విడుదలైంది. భాష నేర్పే పాత రికార్డు నుంచి మాటలు కత్తిరించి, వాటితోనే హుడ్ అనే పాత్రను అల్లి, ఆ పాత్రతో తాము కబుర్లాడుతున్నట్టు ఆల్బమంతా నడిపారు. ఆ కూర్పులోని ఓపిక ఈనాటికీ అబ్బురమే. నల్లవారిని వెక్కిరిస్తూ గీసే పెద్ద పెదవుల సాంబో బొమ్మ మీద 'హూ మీ?' అనే పాట కట్టారు. బృందం చిహ్నం కూడా ఆ ముఖం మీద అడ్డగీతే.

రెండో ఆల్బమ్ 'బ్లాక్ బాస్టర్డ్స్' చివరి దశలో ఉండగా, 1993 ఏప్రిల్‌లో లాంగ్ ఐలాండ్‌లో రోడ్డు దాటుతూ సబ్‌రాక్ కారు ఢీకొని చనిపోయాడు. వయసు 19. ఓనిక్స్ అప్పటికే తప్పుకున్నాడు. మిగిలిన పని జెవ్ ఒక్కడే పూర్తిచేశాడు. అట్టమీద ఉరికి వేలాడుతున్న సాంబో బొమ్మను వేశారు. ఉరి వేసింది మనిషిని కాదు, ఆ వెక్కిరింతను. నల్లవారిని నిజంగానే చెట్లకు ఉరితీసిన దేశంలో ఆ బొమ్మ కొందరి మనసును గాయపరచడం సహజమే. బిల్‌బోర్డ్ పత్రిక కాలమిస్టు టెరీ రాసీ దాన్ని తీవ్రంగా విమర్శించారు. 1994లో విడుదలకు ముందే ఎలెక్ట్రా ఆల్బమ్‌ను ఆపి, బృందాన్ని వదిలించుకుంది. రెండేళ్ల ముందు ఐస్-టీ బృందం పాట 'కాప్ కిల్లర్' (పోలీసు హంతకుడు) మీద పోలీసు సంఘాలు చేసిన ఆందోళనతో మాతృసంస్థ టైమ్ వార్నర్ హడలిపోయి ఉన్న కాలమది. విమర్శకు జవాబుగా అట్ట మార్చవచ్చు. పాటలను ఆపడం మాత్రం పిరికితనం.

ఆ తర్వాత ఆల్బమ్ దొంగ కాపీలుగా తిరిగింది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించిన ప్రతిసారీ బుసబుస శబ్దం పెరుగుతుంది, సింబల్స్ మెరుపు తగ్గుతుంది, కళాకారుడికి పైసా రాదు. చిన్న సంస్థల చేతుల మీదుగా పూర్తి ఆల్బమ్ బయటికి వచ్చేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది. 1999లో 'ఆపరేషన్: డూమ్స్‌డే' ఆల్బమ్‌తో జెవ్ ఎంఎఫ్ డూమ్‌గా పేరు మార్చుకుని తిరిగొచ్చాడు కాబట్టి ఆ పాత టేపుల కోసం అడిగేవాళ్లున్నారు. అలా తిరిగిరాలేని వాళ్ల టేపుల గతేమిటి?

మన దగ్గర జానపదాలు, ర్యాప్ పాడే యువత యూట్యూబ్ ఛానళ్లతో, మ్యూజిక్ కంపెనీలతో సంతకాలు చేస్తున్న రోజులివి కాబట్టి ఈ విషయం రాస్తున్నాం. భారత కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, హక్కులు రాయించుకున్నవారు ఏడాదిలోగా వాటిని వాడకపోతే ఆ బదలాయింపు రద్దయినట్టే. కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అయితే ఒప్పందంలో వేరేలా రాసి ఉంటే ఆ ఒక ఏడాది గడువు వర్తించదు. కొంప ముంచేది అక్కడే. 'వాడకపోయినా హక్కులు కొనసాగును', 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అనే రెండు ముక్కలు చాలు రక్షణ పోవడానికి. పైగా మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు కర్త నిర్మాతే. డబ్బు పెట్టి రికార్డు చేయించింది కంపెనీ అయితే ఆ మాస్టర్ (అసలు రికార్డింగ్) గాయకుడిది కానే కాదు. ఇక సాహిత్యం, బాణీ కట్టినవారికి రాయల్టీ వాటా వదులుకోకుండా 2012 సవరణ కాపాడుతుంది గానీ, బయటికే రాని పాటకు రాయల్టీ ఎక్కడిది?

అందుకే సంతకానికి ముందు ఆ రెండు ముక్కలు కొట్టేయించాలి. మాస్టర్ అప్పగించిన 120 రోజుల్లో విడుదల చేయకపోతే, ఖర్చు తిరిగిచ్చి రికార్డింగ్‌ను, వాడిన శాంపిళ్ల (ఇతరుల రికార్డుల నుంచి కత్తిరించి వాడిన ముక్కల) అనుమతి పత్రాలను వెనక్కి తీసుకునే హక్కు రాయించుకోవాలి. శాంపిల్‌కు రెండు అనుమతులు కావాలి: పాట రాసి, బాణీ కట్టినవారి హక్కుదారుది ఒకటి, రికార్డింగ్ యజమానిది ఇంకొకటి. ఒక్కటి లేకపోయినా టేపు చేతికొచ్చి కూడా విడుదల చేసుకోలేరు. ఇలాంటి నమూనా ఒప్పందాన్ని భాషా సాంస్కృతిక శాఖలు తెలుగులో అచ్చువేసి కళాకారులకు ఇవ్వాలి.

– హిప్‌హాప్ శ్రోతలు, హైదరాబాద్