సోమవారం బిల్లుల్లో పన్ను తప్పు పడింది, తప్పు మాదే

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న షాపుల వాళ్లందరికీ నమస్కారం.

2025 సెప్టెంబర్ 22 సోమవారం, కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చిన రోజు. పైగా దసరా నవరాత్రుల మొదటి రోజు, మీ కౌంటర్ల దగ్గర ఊపిరాడని రోజు. పొద్దున పదిన్నరకి ఒక హోల్‌సేల్ షాపు అమ్మగారు ఫోన్ చేశారు. "బాబూ, సరుకు వెయ్యి, సీజీఎస్టీ 90, ఎస్‌జీఎస్టీ 90, మొత్తం 1050 అంటోంది నీ బిల్లు. ఇది ఏ ఊరి లెక్క?"

నేను తడుముకోకుండా "బట్టల సబ్బు అయ్యుంటుందండీ, అది 18లోనే ఉంది, ఒంటి సబ్బే 5కి దిగింది" అనేశాను. అలాగైతే మొత్తం 1180 రావాలి కదా అని తట్టలేదు. ఐదు నిమిషాల్లో ఆవిడ సబ్బు పెట్టె ఫొటో వాట్సాప్‌లో పెట్టారు. ఒంటి సబ్బే. ఆ తర్వాత ఫోన్ చేసిన ముగ్గురికి కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాను, ఒకరి ప్రింటర్‌ని కూడా అనుమానించాను. ముందు ఆ నలుగురికీ క్షమాపణలు. మీ దగ్గర ఏ లోపమూ లేదు.

జీఎస్టీ కౌన్సిల్ 3వ తేదీన నిర్ణయం తీసుకుంది, 22 నుంచి అమలు అంది. 12, 28 శ్లాబులు పోయి చాలా సరుకులు 5లోకో 18లోకో మారాయి. సిగరెట్లు, గుట్కాల్లాంటివి మాత్రం అప్పటికి పాత రేట్లలోనే ఉండిపోయాయి. ఆ రేట్లన్నీ సరిగ్గానే ఎక్కించాం, రెండుసార్లు సరిచూసుకున్నాం కూడా. తప్పు జరిగింది వేరే చోట.

మా సాఫ్ట్‌వేర్‌లో పన్ను రేట్లన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. దాన్నుంచి ఒక చిన్న ప్రోగ్రామ్ హెడర్ ఫైల్, అంటే మిగతా కోడ్ చదువుకునే రేట్ల పట్టిక, తయారు చేస్తుంది. స్క్రీన్, రిపోర్టులు, ప్రింటింగ్ ఈ మూడూ ఆ హెడర్‌నే చదువుతాయి. అన్నిటినీ కంపైల్ చేసి, అంటే మేం రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చి, ఒక్కటిగా కట్టే పని మేక్ అనే టూల్‌ది. మా ఆఫీసులో దాన్ని మేక అనే అంటాం, కట్టేసిన చోటే మేస్తుంది కాబట్టి. అది చూసేది ఫైళ్ల టైమ్ ఒక్కటే. తయారైన ఫైల్ కంటే దాని ముడిసరుకు కొత్తదైతే మళ్లీ తయారు చేస్తుంది, లేకపోతే ముట్టుకోదు. దేనికి ఏ ముడిసరుకు కావాలో మాత్రం రూల్‌లో మేమే రాయాలి.

2021లో థర్మల్ ప్రింటర్ల కోసం ప్రింటింగ్ కోడ్‌ని వేరే ఫైల్లోకి తీశాం. దాని రూల్ రాసింది నేనే, అందులో రేట్ల హెడర్ పేరు మర్చిపోయిందీ నేనే. అందుకని ఆదివారం రాత్రి కొత్త హెడర్‌తో స్క్రీన్, రిపోర్టులు తయారయ్యాయి, ప్రింటింగ్ పాతదే ఉండిపోయింది. స్క్రీన్ మీద 5, కాగితం మీద 18. కింద మొత్తం మాత్రం సేవ్ అయిన బిల్లులోంచి వస్తుంది, అందుకే అది 1050.

ఇన్నేళ్లూ ఇది బయటపడకపోవడం మా గొప్పేమీ కాదు. రేట్లు మారినప్పుడల్లా ప్రింటింగ్ కోడ్‌లోనూ ఏదో ఒకటి మార్చేవాళ్లం, దాంతోపాటు అదీ కంపైల్ అయిపోయేది.

మా కుర్రాడు "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో 5 అనే పడుతోంది" అన్నప్పుడు ఇంకా తికమక పడ్డాం. అతను శనివారమే కోడ్ మొత్తం కొత్తగా దించుకున్నాడు, కాబట్టి అక్కడ అన్నీ కొత్తగానే కంపైల్ అయ్యాయి. అది తట్టక రెండు గంటలు ఇద్దరి కోడ్‌లో తేడా వెతికాం. అక్షరం తేడా లేదు. చివరికి, హెడర్ మారితే ఏమేం చేస్తావో చెయ్యకుండా చెప్పమని మేక్‌ని డ్రై రన్‌లో అడిగాను. స్క్రీన్, రిపోర్టులు అంది. ప్రింటింగ్ ఊసే లేదు. ఫోల్డర్ తెరిచి చూస్తే హెడర్ తేదీ సెప్టెంబర్ 20, ప్రింటింగ్ ఆబ్జెక్ట్ ఫైల్ (కంపైల్ చేస్తే వచ్చేది) తేదీ జూలై 14.

మేక్‌ని 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. ఆయన తోటి ఉద్యోగి స్టీవ్ జాన్సన్, సరిచేసిన ఫైల్‌ని మళ్లీ కంపైల్ చేయడం మర్చిపోయి, అప్పటికే పోయిన బగ్ కోసం ఒక ఉదయమంతా వెతికారట. అలాంటిది మళ్లీ జరగకూడదని పుట్టిన టూల్‌తోనే మేం అదే పని చేశాం!

ఇప్పుడు రూల్స్‌లో ఆ ముడిసరుకుల జాబితాలు చేత్తో రాయడం మానేశాం. ఏ ఫైల్ ఏ హెడర్ చదువుతోందో జీసీసీ కంపైలరే రాసిస్తుంది, మేక్ దాన్నే వాడుకుంటుంది. అలా మార్చగానే బార్‌కోడ్ లేబుళ్ల రూల్లోనూ ఇదే లోపం దొరికింది, దానికి పన్నుతో పనిలేదు కాబట్టి బతికిపోయాం. ఇంకోటి కూడా కనిపించింది. హెడర్ తయారీ మధ్యలో ఆగిపోతే సగం ఫైల్ మిగులుతుంది, మేక్ దాన్ని చూసి తాజాదే కదా అని ఊరుకుంటుంది. తయారీలో తప్పొస్తే ఆ ఫైల్‌ని చెరిపేయమని ఒక లైన్ చేర్చాం. ఇకమీద మీకొచ్చే ప్రతి వెర్షన్‌నూ ఖాళీ ఫోల్డర్‌లో మొదటినుంచీ కడతాం, ఒక బిల్లు కాగితం మీద ప్రింట్ తీసి చూశాకే పంపిస్తాం. ఆదివారం రాత్రి స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకున్నాం, దానికి మేక్‌ని అనడానికి లేదు.

ఇక మీరు చేయాల్సింది. సోమవారం సాయంత్రం నాలుగింటికి సరైన వెర్షన్ పంపాం, అది ఎక్కిందో లేదో చూసుకోండి. సేవ్ అయిన లెక్కలు, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) ఫైలు సరిగ్గానే ఉన్నాయి. ఎమ్మార్పీకి అమ్మే షాపుల్లో తీసుకున్న డబ్బులో తేడా లేదు, బిల్లు మీద పన్ను విడదీసి చూపడమే తప్పు. హోల్‌సేల్ వాళ్లు మాత్రం కొత్త వెర్షన్ ఎక్కేదాకా వేరే వ్యాపారులకు ఇచ్చిన బిల్లులు తెరిచి, అదే నంబరుతో మళ్లీ ప్రింట్ తీసి ఇవ్వండి. అనుమానముంటే మీ ఆడిటర్‌ని ఒకమాట అడగండి. ఈ పని నెత్తిన పడ్డ 37 హోల్‌సేల్ షాపులకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఒక నెల పొడిగిస్తున్నాం. అందరికీ ఇవ్వాలని ఉన్నా ప్రస్తుతం ఆ స్తోమత లేదు.

ఈ ఆదివారం కూడా ఫోన్ ఎత్తుతాం. బిల్లు కూడిక కుదరకపోతే ఫొటో పెట్టండి చాలు, ఈసారి ఏ సబ్బో అడగను.