రాజుగారి పేరిట ఒక సంతకం

కోపెన్‌హాగన్,
2025 సెప్టెంబరు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. ఇంట్లో అందరం కులాసా. పాపకు కొత్త బడి నచ్చింది. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. ఈ దేశపు తపాలా సంస్థ ఈ ఏడాది ఆఖరుతో ఉత్తరాల బట్వాడా మానేస్తామని ప్రకటించింది కనుక, మన ఈ పాతకాలపు అలవాటు ఎన్నాళ్ళు సాగుతుందో చూడాలి. మిగతా కబుర్లు ఫోనులో చెబుతాను. ఒక్క సంగతి మాత్రం కాగితం మీద పెట్టకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

అధ్యక్షుడు ట్రంప్ అంటున్నట్టు అమెరికా నిజంగా డెన్మార్క్ ఏలుబడిలోని ద్వీపమైన గ్రీన్‌లాండ్‌ను తీసుకుంటుందా, అక్కడివాళ్ళు ఏమనుకుంటున్నారు అని అడిగావు కదా. దానికి జవాబు వెతకబోయి నేను హెన్రిక్ కౌఫ్‌మన్ అనే ఒక రాయబారి దగ్గర చిక్కుకుపోయాను.

1940 ఏప్రిల్ 9న జర్మన్ సేనలు కొన్ని గంటల్లోనే డెన్మార్క్‌ను ఆక్రమించాయి. రాజు పదో క్రిస్టియన్, ఆయన మంత్రులు కోపెన్‌హాగన్‌లోనే ఉండిపోయారు. ప్రభుత్వమంటూ ఉంది కానీ దాని నోట్లో మాట దానిది కాదు. అప్పుడు వాషింగ్టన్‌లో డెన్మార్క్ ప్రతినిధిగా ఉన్న కౌఫ్‌మన్, తన సర్కారు శత్రువు గుప్పిట్లో ఉన్నంతకాలం అక్కడి నుంచి వచ్చే ఆదేశాలకు తాను కట్టుబడనక్కరలేదని తేల్చుకుని, ఆక్రమణకు సరిగ్గా ఏడాది నిండిన రోజున, 1941 ఏప్రిల్ 9న, గ్రీన్‌లాండ్‌లో విమానాశ్రయాలూ సైనిక స్థావరాలూ కట్టుకునే హక్కును అమెరికాకు ఇస్తూ ఆ దేశ విదేశాంగ మంత్రి కార్డెల్ హల్‌తో ఒప్పందం మీద సంతకం చేశాడు. ఎవరి పేరిట? రాజుగారి పేరిట. రాజుగారు చెయ్యమన్నారా? లేదు! మన హాస్టల్ రోజుల్లో సాంబారు ఒప్పందం మీద వార్డెన్ గారి పేరిట చేవ్రాలు పెట్టిన మహానుభావుడివి నువ్వు. కౌఫ్‌మన్ గుండెధైర్యం నీకు అర్థమైనట్టుగా ఇంకెవరికీ కాదు.

కోపెన్‌హాగన్ ప్రభుత్వం ఆ ఒప్పందం చెల్లదని ప్రకటించి, ఆయనను పదవి నుంచి తొలగించి, రాజద్రోహం కేసు కూడా పెట్టింది. అమెరికా మాత్రం ఆయననే డెన్మార్క్ ప్రతినిధిగా గుర్తిస్తూ పోయింది. 1945 మేలో విముక్తి రాగానే ఇక్కడి పార్లమెంటు అదే ఒప్పందాన్ని ఆమోదించింది, కేసు ఎగిరిపోయింది, నిన్నటి ద్రోహికి మంత్రిపదవి దక్కింది. అంతటితో అయిపోలేదు. 1949 ఏప్రిల్ 4న నాటో సైనిక కూటమికి పునాది అయిన ఉత్తర అట్లాంటిక్ ఒడంబడిక మీద డెన్మార్క్ తరఫున సంతకం చేసిన ఇద్దరిలో ఒకాయన ఎవరనుకున్నావు? ఈ కౌఫ్‌మనే!

ఈ సాహసగాథ కూడా అలా ఉంచు. నాకు నిద్ర లేకుండా చేసింది ఆ కాగితాల్లోని గడువు. అమెరికా ఖండానికి ఉన్న ముప్పు తొలగిపోయిందని ఇరుపక్షాలూ అంగీకరించేదాకా 1941 ఒప్పందం నిలుస్తుందని అందులో రాసుకున్నారు. అంటే రెండో పక్షం ఒప్పుకోనంతకాలం అది తీరదన్నమాట. యుద్ధం ముగిశాక అమెరికావాళ్ళు సర్దుకుని వెళ్తారని డెన్మార్క్ ఎదురుచూస్తే, 1946లో ట్రూమన్ ప్రభుత్వం పది కోట్ల డాలర్ల విలువైన బంగారం ఇస్తాం, ద్వీపాన్నే అమ్మెయ్యమంది. వీళ్ళు అమ్మలేదు, వాళ్ళు కదలలేదు. చివరికి ఆ చిక్కును నాటోయే విప్పింది. 1951 ఏప్రిల్ 27న రెండు దేశాలూ కొత్త రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. గ్రీన్‌లాండ్‌లో అమెరికా వారి థూలే సైనిక స్థావరం లేచింది దాని మీదే. ఆ ఒప్పందానికి పెట్టిన గడువు, ఉత్తర అట్లాంటిక్ ఒడంబడిక అమలులో ఉన్నంతకాలం!

ఈ ఒక్క వాక్యాన్ని దగ్గర పెట్టుకుని ఈ ఏడాది జరిగినవన్నీ చూడు. మార్చి 28న అమెరికా ఉపాధ్యక్షుడు వాన్స్ ఇప్పుడు పిటుఫిక్ అని పిలుస్తున్న అదే స్థావరంలో నిలబడి, గ్రీన్‌లాండ్ ప్రజలకు డెన్మార్క్ చేయవలసినంత చేయలేదని ఆక్షేపించాడు. ఆయన కాలి కింద ఉన్న నేల హక్కు నాటో కాగితం నుంచి వచ్చిందే. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో వేలమందిని అక్కడ ఉంచినా, తరువాత తగ్గించుకుంటూ వచ్చినా, ఎవరూ అడ్డుపడలేదు. అద్దె లేకుండా కాపురముంటున్న ఇంటిని, కాపలా కోసమంటూ కొనితీరతానని గొడవ పెట్టుకోవడమంటే ఏమనాలి? మొదట్లో నాకు నవ్వే వచ్చింది.

తరువాత నవ్వు రాలేదు. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అని చెప్పే నాటో అయిదో అధికరణాన్ని ఇన్నేళ్ళలో ఒక్కసారే, 2001 సెప్టెంబరు దాడుల తరువాత, అమెరికా కోసమే ప్రయోగించారు. ఆ పిలుపందుకుని వెళ్ళిన ఈ చిన్న దేశం అఫ్గానిస్థాన్‌లో నలభైమందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. మా ఆఫీసులో అక్కడి హెల్మాండ్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన ఉన్నాడు. భోజనాల దగ్గర పిటుఫిక్ ప్రసంగం మాట ఎవరెత్తినా పళ్ళెం తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోతాడు. ఇక్కడి సూపర్ మార్కెట్లలో ఇప్పుడు ఐరోపా కంపెనీల సరుకని తెలిసేలా ధర చీటీ మీద చిన్న నల్ల నక్షత్రం పెడుతున్నారు. కెచప్ సీసా దగ్గర ఆగి దాన్ని వెతికే పెద్దవాళ్ళను చూస్తే నాకు దిగులేస్తుంది. వీళ్ళంతా అమెరికాను అభిమానిస్తూ పెరిగినవాళ్ళు.

జూన్‌లో హేగ్ సమావేశంలో నాటో దేశాలు, 2035 నాటికి తమ స్థూల దేశీయోత్పత్తిలో 5 శాతం రక్షణకూ దాని అనుబంధ పనులకూ వెచ్చిస్తామని మాట ఇచ్చారు. స్పెయిన్ ఒక్కటి మొరాయించింది. అది భయంతో ఇచ్చిన మాట అని నా ఉద్దేశం. ఫిబ్రవరిలో ఎన్నికలు గెలిచిన రాత్రే జర్మనీ నాయకుడు మెర్ట్స్ అమెరికా మీద ఆధారపడటం నుంచి అంచెలంచెలుగా బయటపడాలని అన్నాడు. అమెరికా మీద గాఢమైన నమ్మకం ఉన్న పార్టీ నాయకుడి నోట ఆ మాట వచ్చిందంటే... సరే, దాన్ని వదిలెయ్యి.

ఒక్కటి మాత్రం నువ్వే ఆలోచించి చెప్పాలి. నాటో చెదిరితే 1951 ఒప్పందం గడువూ తీరుతుంది, అప్పుడు పిటుఫిక్‌లో అమెరికా ఏ హక్కుతో ఉన్నట్టు? డెన్మార్క్ అధికారం గ్రీన్‌లాండ్ అంతటా ఉండటానికి అభ్యంతరం లేదని 1916లో, కరీబియన్ సముద్రంలోని డేనిష్ వెస్టిండీస్ దీవులను కొనుక్కునేటప్పుడు, వాళ్ళే రాసిచ్చారు కూడా. వాషింగ్టన్‌లో ఎవరూ ఈ కాగితాలు చదవరా, లేక చదివే ఈ మాటలంటున్నారా? రెండోదే నిజమైతే నాకు మరింత భయం.

ఇంకా ఉంది. కౌఫ్‌మన్‌నూ హల్‌నూ ట్రూమన్‌నూ ఇంతసేపు పొగుడుతూ తిడుతూ రాశాను గాని, 1941లో గానీ 1951లో గానీ ఆ ద్వీపంలోని జనాన్ని ఎవరూ అడగలేదు. 1953లో స్థావరాన్ని విస్తరించడానికి థూలేలోని ఇనుఘుయిట్ అనే ఆదివాసుల కుటుంబాలను నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి తరలించారు. 2004లో ఒప్పందాన్ని సవరించినప్పుడు మాత్రం గ్రీన్‌లాండ్ ప్రతినిధి కూడా సంతకం చేశాడు, అది ఎలా సాధించారంటే... పాపను బడి నుంచి తీసుకురావాలి, ఇప్పటికే ఆలస్యమైంది. వచ్చే ఉత్తరంలో అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీ మిత్రుడు