ఒరిగిన బర్‌లతో వచ్చిన ఎస్ప్రెస్సో గ్రైండర్‌ను మార్చి ఇవ్వాలని ఫిర్యాదు

నల్లగొండ,
18 నవంబరు 2024.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ఆగస్టులో కొన్న గ్రైండర్‌లో తయారీ లోపం, కొత్తది ఇవ్వడం లేదా రూ. 1,32,000 తిరిగి చెల్లించడం గురించి.

అయ్యా,

ఆగస్టు 9న మీ వెబ్‌సైటులో రూ. 1,32,000 చెల్లించి ఇంటి వాడకానికి ఎస్ప్రెస్సో గ్రైండర్, అంటే చిక్కని ఎస్ప్రెస్సో కాఫీకి గింజలు పొడి చేసే యంత్రం, కొన్నాను. అది ఆగస్టు 20న మా ఇంటికి చేరింది. గింజలను నలిపే రెండు పళ్ల చక్రాల్లో (బర్‌లలో) ఒకటి ఒరిగి ఉండటంతో మొదటి వారం నుంచే సరిగా పొడి చేయడం లేదు. అప్పటి నుంచి మీకు పదకొండు ఉత్తరాలు మెయిల్ చేశాను, ఆరుసార్లు ఫోను చేశాను. ఇప్పటికీ ‘పరిశీలిస్తున్నాం’ అన్న మాట తప్ప మరొకటి వినలేదు. అందుకే మొత్తం విషయాన్ని ఒకేచోట రాసి, సంతకం చేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా ఇంట్లో ఒక్క వస్తువు మీద ఇంత డబ్బు ఏనాడూ పెట్టలేదు. ఆరేళ్లపాటు చేతి మిల్లుతోనే గింజలు పొడి చేసుకున్నాను. ఎస్ప్రెస్సోకు కావలసినంత మెత్తగా 18 గ్రాములు తిప్పడం తేలిక కాదు. రోజుకు మూడుసార్లు అలా తిప్పి తిప్పి కుడి మణికట్టు నొప్పి పట్టింది, ఇక తిప్పవద్దని వైద్యుడు గట్టిగా చెప్పారు. మాది చాయ్ ఊరు. గడియారం సెంటర్లో ఏ వేళకైనా మంచి చాయ్ దొరుకుతుంది కానీ, నాకు కావలసిన కాఫీ కోసం వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదు వెళ్లాలి. ఇంట్లో చేసుకుంటేనే నాకు ఆ కాఫీ. కాబట్టి ఈ యంత్రం నాకు ముచ్చట కోసం కొన్న వస్తువు కాదు.

ఎంపికకు ఐదు నెలలు తీసుకున్నాను. శంఖాకార బర్‌లా, చదును బర్‌లా అన్న దగ్గరే రెండు నెలలు ఆగాను. నిష్ జీరో అనే గ్రైండర్‌లో ఉన్నటువంటి 63 మిల్లీమీటర్ల శంఖాకార బర్‌లు చిక్కని, బరువైన కాఫీనిస్తాయి, పాలు కలిపినా రుచి నిలుస్తుంది. చదును బర్‌లతో గింజలోని పండు పులుపు, పూల వాసన విడివిడిగా తెలుస్తాయి. నేను అరకు గింజలు వాడతాను, పాలు లేకుండా తాగుతాను, కనుక చదును బర్‌లే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. మాజర్ మినీ వంటి గ్రైండర్లలో వాడే 64 మిల్లీమీటర్ల కొలత ఎంచుకున్నాను, ఎందుకంటే ఆ కొలత బర్‌లను చాలామంది తయారు చేస్తారు, పదేళ్ల తరువాత అరిగినా మార్చుకోవచ్చు. మెత్తదనాన్ని ఎక్కడైనా నిలపగల, మెట్లు లేని డయల్ ఉండాలనుకున్నాను, మెట్టుకూ మెట్టుకూ మధ్యలోనే సరైన మెత్తదనం చిక్కుకుపోవడం పాత మిల్లుతో అనుభవించాను గనుక.

ఇవన్నీ ఉన్న యంత్రాలు మార్కెట్లో నాలుగు కనిపించాయి. వాటిలో మీదాన్ని ఎంచుకోవడానికి కారణం మీరు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులు. జూలై 22న మిమ్మల్ని అడిగాను: రెండు బర్‌లూ సమాంతరంగా ఉన్నాయో లేదో ప్రతి యంత్రానికీ పరీక్షిస్తారా? ‘ప్రతి యంత్రాన్నీ పరీక్షించాకే పంపుతాం’ అని మర్నాడే జవాబిచ్చారు. లోపల ఎంత పొడి నిలిచిపోతుంది అని అడిగితే 0.3 గ్రాములకు మించదన్నారు. ఆ జవాబుల ప్రతులు ఈ లేఖకు జతచేస్తున్నాను. ఆ రెండు మాటలు నమ్మే డబ్బు కట్టాను.

ఇక జరిగింది చెబుతాను. 18 గ్రాముల పొడితో 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి, అది నా లెక్క. మీ గ్రైండర్ డయల్‌ను ఒకేచోట ఉంచి వరుసగా మూడుసార్లు చేస్తే 19, 33, 22 సెకన్లు పట్టింది. పోర్టాఫిల్టర్ (పొడి నింపే పిడి గిన్నె) అడుగు నుంచి చూస్తే కాఫీ ఒక పక్క పలచగా చిమ్ముతోంది, మరో పక్క చుక్కలుగా పడుతోంది. పొడిలో పిండీ రవ్వా కలిసి ఉండటం వల్ల నీరు తేలికైన దారి వెతుక్కుని పోతోంది. కప్పులో మొదట పులుపు, వెంటనే చేదు. ఇంకా మెత్తగా తిప్పుదామంటే బర్‌లు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు ముందే వచ్చేస్తుంది. అదే రోజు, అదే సంచిలోని గింజలను మణికట్టుకు పట్టీ కట్టుకుని పాత చేతి మిల్లులో పొడి చేశాను: 27, 28, 27. అదే కాఫీ యంత్రం, అదే నీరు, అదే చేయి. మారింది గ్రైండర్ ఒక్కటే. నిలిచిపోయే పొడి సంగతి ఒక్క వాక్యంలో చెబుతాను: శుభ్రం చేసి 18 గ్రాములు వేస్తే 16.3 గ్రాములు బయటికొచ్చింది.

మా అమ్మమ్మ ఇంట్లో ఇసుర్రాయి ఉండేది. గంట్లు కొట్టే మనిషి పని ముగించాక ఆమె గుప్పెడు కందులు పోసి తిప్పి చూశాకే డబ్బులిచ్చేది. పై రాయి ఒరిగి కూర్చుంటే ఒకవైపు బద్దలు, మరోవైపు పిండి వస్తుందని ఆమెకు తెలుసు. మీ గ్రైండర్‌లోనూ జరిగింది అదే, దాన్ని రుజువు చేశాను.

ప్లగ్గు తీసేసి, రెండు బర్‌ల అంచులకూ బోర్డు మీద రాసే మార్కర్ సిరా పూశాను. అవి తాకేదాకా బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పాను. తిరిగే కింది బర్ మీద సిరా చుట్టూ సమానంగా చెరిగింది. కదలని పై బర్ మీద మాత్రం మూడో వంతు అంచునే చెరిగి, మిగతా అంచంతా సిరా అలాగే ఉంది. అంటే మోటారు ఇరుసులో లోపం లేదు, పై బర్ ఒరిగింది. బర్‌దే తప్పేమో అని దాని మూడు మరలు విప్పి, ఒక మర స్థానం పక్కకు తిప్పి బిగించి మళ్లీ చూశాను. సిరా బర్‌తో పాటు జరగలేదు, యంత్రంలో అదే వైపున మళ్లీ చెరిగింది. కాబట్టి లోపం బర్‌ది కాదు, బర్ కూర్చునే పీఠానిది. దాన్ని చెక్కినప్పుడే తేడా వచ్చింది. ఎస్ప్రెస్సో పొడి రేణువులు కొన్ని వందల మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించవు. అంత సన్నని ఎడంలో వెంట్రుక మందం ఒరుగు కూడా పెద్దదే. బర్‌లు విప్పడం, బిగించడం మీ పుస్తకంలో చూపిన పద్ధతిలోనే చేశాను. ఫొటోలు తొమ్మిది జతచేశాను.

దీనికి మీ సిబ్బంది ఇచ్చిన మొదటి జవాబు: ఐదు కిలోల గింజలు పొడి చేస్తే బర్‌లు సర్దుకుంటాయి. కొత్త బర్‌ల పదును కొన్ని కిలోల తరువాత కుదురుకుంటుందన్నది నిజమే. అందుకని నా ఖర్చుతోనే ఐదు కిలోలు పొడి చేశాను. సిరా మళ్లీ అక్కడే చెరిగింది. వాడకంతో అంచులు సర్దుకుంటాయి కానీ ఒరిగిన పీఠం నిటారు కాదు.

రెండో జవాబు నన్ను నొప్పించింది. ‘మీ నల్లగొండ నీటి సమస్య కావచ్చు, పరీక్ష నివేదిక పంపండి’ అన్నారు. మా జిల్లా ఫ్లోరైడ్ వల్ల తరాలుగా పడిన కష్టం చిన్నది కాదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు ‘నల్లగొండ టెక్నిక్’ అని మా ఊరి పేరే పెట్టారు. ఆ పేరు మీ యంత్రంలోని లోపానికి సాకు కాకూడదు. గ్రైండర్‌లోకి నీరే వెళ్లదు. చేతి మిల్లు పొడికీ ఆ నీరే వాడానని అప్పటికే మీకు రాసి ఉన్నాను, చదివి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

మూడోసారి ఫోనులో మాట్లాడిన సాంకేతిక నిపుణుడు మర్యాదగానే మాట్లాడారు. వంటింటి అల్యూమినియం కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి బర్ కింద పెట్టి ఎత్తు సరిచేసుకోమన్నారు. అలా చేసుకునేవాళ్లు ఉన్నారని నాకూ తెలుసు. కానీ బర్‌ల కింద మరే పదార్థం పెట్టినా వారంటీ చెల్లదని మీ వారంటీ కార్డులో ఉంది. ఆ సలహాను మెయిల్‌లో రాసి ఇవ్వమంటే ఇవ్వలేదు. పైగా మరమ్మతుకు పంపాలంటే రానూపోనూ రవాణా ఖర్చు నేనే భరించాలన్నారు. పరీక్షించి పంపామని మీరు చెప్పిన వస్తువును సరిచేసే పని, ఖర్చు, నష్టభయం మూడూ నా మీద పెట్టడం న్యాయం కాదు.

నేను కోరేది ఇది. మీ ఖర్చుతో యంత్రాన్ని వెనక్కి తీసుకుని, కొత్తది పంపండి. పంపే ముందు దానికీ ఇదే సిరా పరీక్ష చేసి, రెండు బర్‌ల ఫొటోలు నాకు చూపండి. అది కుదరకపోతే రూ. 1,32,000 పూర్తిగా తిరిగి ఇవ్వండి. మరమ్మతుకు ఒప్పుకోను, పీఠాన్ని మళ్లీ చెక్కడం మరమ్మతు కాదు గనుక.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ లేఖ అందిన నాటి నుంచి నెల రోజులు ఎదురుచూస్తాను. తరువాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది, రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదు. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. నాకు కావలసింది మీరు చెప్పినట్లు పనిచేసే గ్రైండర్.

యంత్రాన్ని మీరు పంపిన పెట్టెలోనే, అదే నురుగు అచ్చుల మధ్య సర్ది ఉంచాను. తీసుకెళ్లడానికి వచ్చేవారు పనిదినాల్లో సాయంత్రం ఐదు తరువాత, లేదా ఆదివారం ఎప్పుడైనా రావచ్చు. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పెట్టె బరువు పద్నాలుగు కిలోలు, నా మణికట్టుతో కిందికి దించలేను. దయచేసి ఇద్దరిని పంపండి.

భవదీయురాలు,
(సంతకం)
నల్లగొండ