బాబాయి గొంతులో పిల్లికూతలు

హైదరాబాద్,
శనివారం రాత్రి

ఒరేయ్ ప్రసాదూ,

పొద్దున నీ ఫోను ఎత్తలేదని కోపం తెచ్చుకోకు. బాబాయిని తీసుకుని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్లాను. ఇదంతా ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

బాబాయి గొంతు నీకు తెలుసు కదా! రామ్‌నగర్ చేపల మార్కెట్లో ఆయన బేరం మొదలుపెడితే నాలుగు దుకాణాల అవతల కొర్రమీను ధర దిగేది. న్యుమోనియాతో 14 రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఇంటికొచ్చాక ఆ గొంతు బొంగురుపోయింది. నీరసం, తగ్గిపోతుందన్నారు. మంచినీళ్లు తాగినా పొలమారేది. దాన్నీ నీరసం ఖాతాలోనే రాసేశాం. నెల దాటాక మెట్లెక్కితే ఆయాసం, పిల్లికూతలు. పిల్లికూతలంటే ఉబ్బసం తప్ప ఇంకేం తోస్తుంది? వీధి చివరి డాక్టరుకూ అదే తోచింది. మూడు వారాలు ఇన్‌హేలర్ పీల్చాడు పాపం, దమ్మిడీ ప్రయోజనం లేదు.

కోఠిలో డాక్టరమ్మ స్టెతస్కోపు తీయకముందే చెవొగ్గి విన్నారు. "కూత గాలి లోపలికి పీల్చేటప్పుడు వస్తోంది. ఉబ్బసంలో ఎక్కువగా వదిలేటప్పుడు వస్తుంది. ఐసీయూలో గొంతులో ట్యూబు వేశారా?" అన్నారు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. చెప్పాలని మాకూ తోచలేదు.

ఆ ట్యూబు స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి దిగుతుంది. గాలి పక్కల నుంచి పోకుండా దాని చివర చిన్న బుడగను ఉబ్బిస్తారు. అందులో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉండాలట. మించితే నాళం లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. ఆ పుండు మానుతూ మచ్చ కట్టి బిగుసుకుంటే దారి ఇరుకైపోతుంది. అందుకే ట్యూబు తీసిన రోజున ఏమీ తెలియదు, వారాల తర్వాత బయటపడుతుంది. పైన స్వరపేటిక వెనక భాగాన్నీ ట్యూబు ఒరుసుకుంటుంది, బొంగురు అక్కడిది. ఈయనకు షుగరు కూడా ఉందాయె. సన్నని కెమెరా దింపి చూస్తే, వేలెడు వెడల్పు ఉండాల్సిన దారి 7 మిల్లీమీటర్లకు వచ్చింది. 5 కంటే తగ్గితే కూర్చున్నా ఆయాసమేనట.

ఒక మాట నీకే చెబుతున్నాను. పదో రోజున ఐసీయూ డాక్టరు ట్రకియాస్టమీ చేద్దామన్నారు. మెడ దగ్గర రంధ్రం చేసి అక్కడి నుంచి గొట్టం వేయడమన్నమాట. "గొంతు కోస్తారా?" అని పిన్ని భోరుమంది. ఇంకో నాలుగు రోజులు ఆగుదామన్నది మాత్రం నేను. ఇవాళ డాక్టరమ్మను అడిగేశాను. అప్పుడు చేయించినా ఇరుకు రాదని హామీ ఏమీ లేదు, దానివల్ల కూడా వస్తుందన్నారు. మనసు కొంచెం తేలికపడింది, పూర్తిగా కాదు. ఆ ట్యూబే లేకపోతే మనిషి దక్కేవాడు కాదని నాకూ తెలుసు. కానీ ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో పదకొండు మాత్రల పేర్లున్నాయి, గొంతు గురించి ఒక్క ముక్క లేదు. అది నాకు మింగుడుపడడం లేదు.

బుధవారం మత్తిచ్చి బెలూనుతో దారిని వెడల్పు చేస్తారు. మళ్లీ మళ్లీ బిగుసుకుంటే ఆ ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుడతారట.

తిరిగొస్తుంటే బాబాయి చేపల మార్కెట్ దగ్గర ఆటో ఆపించాడు. గొంతు పెగలక వేళ్లు చూపించి బేరమాడాడు. కిలోకు యాభై ఎక్కువే పెట్టి కొన్నాం. ఇంటికి వచ్చేదాకా ఆ యాభై గురించే గుసగుసగా తిట్టుకుంటూ ఉన్నాడు.

నీ
శ్రీను