యువజన సంఘానికి ఒక్క పేజీ ప్రణాళిక చాలు: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ యువజన సర్వీసుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో యువజన సంఘం కోశాధికారిని. ఊళ్ళో చాలామందికి మేము వినాయక చవితి పందిరి వేసేవాళ్ళంగానే తెలుసు. అందులో అబద్ధమూ లేదు; మా నిధుల్లో పెద్ద భాగం ఇప్పటికీ లడ్డూ వేలంపాటలో వచ్చేదే. అయితే మూడేళ్ళుగా ఆ డబ్బునూ, కుర్రవాళ్ళ ఖాళీ సమయాన్నీ ఒక పద్ధతిలో వాడాలని ప్రయత్నిస్తున్నాం. ఆ ప్రయత్నంలో మాకు తెలిసివచ్చిన సంగతినీ, దానినుంచి పుట్టిన చిన్న విన్నపాన్నీ తమ ముందు ఉంచడానికే ఈ లేఖ.

2023 సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరుల నుంచి వచ్చిన మా వాళ్ళంతా ఊళ్ళో ఉండగా తొలిసారి అభివృద్ధి ప్రణాళిక రాశాం. పొడుగు నోటుబుక్కులో ఆరు పేజీలు వచ్చింది. జిమ్, గ్రంథాలయం, సీసీ కెమెరాలు, కమ్యూనిటీ హాలు, కంప్యూటర్ శిక్షణ కలిపి పంతొమ్మిది పనులు. ఏడాది తిరిగేసరికి అయినవి రెండు. పండగకి వచ్చినవాళ్ళు ముక్కనుమ నాటికి బస్సెక్కారు, ఉన్నవాళ్ళు మిరపకోతల్లో పడ్డారు, నోటుబుక్కు మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉండిపోయింది. తప్పు ఎవరిదీ కాదు. ఏ పని ఎవరు చేయాలో ఆ ఆరు పేజీల్లో ఎక్కడా రాయలేదు, అంతే.

మరుసటి సంక్రాంతికి ఒకే కాగితం తీసుకుని నాలుగు గడులు గీశాం: ఏ పని, ఎవరు చేస్తారు, ఎప్పటికి, డబ్బు ఎక్కడినుంచి. నాలుగూ నిండని పని కాగితంలో ఉండకూడదని నియమం పెట్టుకున్నాం. అన్నిటికన్నా కష్టమైన గడి డబ్బుది అనుకున్నాను గానీ, ‘ఎవరు’ అన్న దగ్గరే గంటన్నర కూర్చోవలసి వచ్చింది. ‘అందరం కలిసి చేద్దాం’ అని రాయబోతే మా అధ్యక్షుడు ఒప్పుకోలేదు, పేరు రాయమన్నాడు. చివరికి మూడు పనులు మిగిలాయి: వాలీబాల్ కోర్టు చదును చేయడం, రక్తదాతల గ్రూపుల జాబితా తయారుచేయడం, వాడకంలో లేని పాత బడి గదిని పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళ కోసం సాయంత్రాలు తెరిచి ఉంచడం. ఆ గదికి బల్లలు నాలుగు, బల్బులు రెండు, ఒక తాళం కొన్నాం. తాళంచెవి ఏ వారం ఎవరి దగ్గర ఉండాలో కూడా కాగితంలోనే ఉంది. ఈ వివరం తమకు చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఆ గది నేటికీ సాయంత్రం ఆరింటికి తెరుచుకోవడానికి కారణం బల్లలు కాదు, ఆ తాళంచెవి వరుసే. పంట పనులను బట్టి నెలలు వేసుకోవడం కూడా అప్పుడే అలవాటైంది. ప్రభుత్వానికి ఏప్రిల్‌లో ఏడాది మొదలవుతుందేమో గానీ, మిరప ఊళ్ళలో జనవరి నుంచి కోతలు పూర్తయ్యేదాకా సమావేశానికి నలుగురు రావడమే గొప్ప.

ఇంకొక మార్పు మేము అనుకోకుండా వచ్చింది. మా సమావేశాలు రాత్రి ఎనిమిదింటికి రామాలయం అరుగు మీద జరిగేవి. సంఘంలో అమ్మాయిలు ఎందుకు లేరని ఏళ్ళ తరబడి ఆశ్చర్యపోయిన మాకు, ఆ వేళకు ఆ చోటికి వాళ్ళు ఎలా రాగలరన్న ఆలోచన మాత్రం తట్టలేదు. ఆదివారం నాలుగింటికి బడి ఆవరణకు మార్చాక అయిదుగురు వచ్చారు. వాళ్ళు కుట్టు మిషన్లు అడుగుతారేమోనని కోశాధికారిగా నేను లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళు అడిగింది బస్టాపు నుంచి ఊళ్ళోకి వచ్చే మలుపులో ఒక వీధి దీపం. అది వెలిగితే సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చేవాళ్ళకు భయం ఉండదు, చదువు గదికి కూడా రాగలుగుతారు.

వీధి దీపం వేయడం పంచాయతీ పని. అందువల్ల 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగినప్పుడు మా కాగితం పట్టుకుని వెళ్ళాం. ఆ సభ ఉపాధి హామీ పనుల కోసమని, దీని సంగతి తర్వాత చూద్దామని చెప్పారు. అది నిజమే కనుక వాదించలేదు. కానీ ఆ ‘తర్వాత’ ఎప్పుడో, మా కాగితాన్ని తీసుకోవలసినది ఎవరో ఈనాటికీ మాకు తెలియలేదు.

పంచాయతీకి ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారవుతుందని తమకు తెలిసినదే. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ దానికి తొమ్మిది ఇతివృత్తాలు నిర్ణయించింది. అందులో బాలల స్నేహపూర్వక గ్రామం ఉంది, మహిళల స్నేహపూర్వక గ్రామం ఉంది. పదిహేనేళ్ళు దాటిన యువకుడికి ప్రత్యేకంగా ఒక పేజీ లేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో గ్రంథాలయాలు, వృత్తి విద్య, సాంస్కృతిక కార్యక్రమాలు ఉన్నాయి గానీ, ‘యువజన’ అన్న మాట కనిపించదు. అదే డ్వాక్రా మహిళలను చూడండి. వాళ్ళ సంఘాలు తమ అవసరాలను చర్చించి రాసుకున్న ప్రణాళిక గ్రామైక్య సంఘం ద్వారా గ్రామసభకు చేరి, పంచాయతీ ప్రణాళికలో కలిసే దారి ఒకటి ఏర్పడి ఉంది. మా అమ్మ ఆ సంఘంలో పుస్తకాలు రాస్తుంది. మా సంఘం కాగితాన్ని చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ‘దీన్ని ఎవరికి ఇస్తారు?’

మా విన్నపం ఆ ప్రశ్నకు జవాబు కోసమే. సంఘాలు రాసుకోవడానికి ఒక్క పేజీ నమూనాను తెలుగులో, అంకెలకూ పేర్లకూ గడులతో, ప్రతి గ్రామ సచివాలయంలో అందుబాటులో ఉంచవలసిందిగా కోరుతున్నాను. పంచాయతీ ప్రణాళిక కోసం జరిగే గ్రామసభలో యువజన సంఘానికి పది నిమిషాలు ఇచ్చి, వారి కాగితంలో పంచాయతీ చేయగలిగినవాటిని ఒప్పుకున్నా, కాదన్నా, ఆ మాట కారణంతో సహా తీర్మానాల పుస్తకంలో రాసేలా పంచాయతీరాజ్ శాఖతో కలిసి ఉత్తర్వు ఇప్పించండి. ఇది రెండు శాఖల మధ్య నలిగే పని కనుక తమ చొరవ లేనిదే కదలదు. తొలి ఏడాదికి మేము నిధులు అడగడం లేదు. సంఘాల రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు. అయినా ఏటా పత్రాలు సమర్పించే ఓపిక కొత్త సంఘాలకు వెంటనే రాదు కాబట్టి, కాగితం స్వీకరించడానికి రిజిస్ట్రేషన్‌ను మొదటి ఏడాది షరతుగా పెట్టవద్దు.

ఒక్క భయం కూడా చెప్పుకుంటాను. మండలానికి ఇన్ని ప్రణాళికలు రావాలని లక్ష్యం పెడితే, అవి వారంలోనే వస్తాయి, అన్నీ ఒకే జిరాక్సు షాపు నుంచి వస్తాయి. లక్ష్యానికి బదులు, మండల పరిషత్ కార్యాలయం నుంచి ఎవరైనా ఒకరు ఏడాదికి రెండుసార్లు సంఘంతో కూర్చుని, రాసిన మూడు పనుల్లో ఏది ఎందుకు ఆగిందో అడిగితే మేలు. మమ్మల్ని అలా అడిగినవారు ఇంతవరకు మా అమ్మ తప్ప ఎవరూ లేరు.

రాబోయే సంక్రాంతికి, కనుమ సాయంత్రం, బడి ఆవరణలో మా సర్వసభ్య సమావేశం ఉంది. కొత్త ఏడాది కాగితం చిత్తుప్రతి సిద్ధంగానే ఉంది. మొదటి వరుసలో మళ్ళీ బస్టాపు మలుపు వీధి దీపమే రాశాం. ‘ఎవరు’ అన్న గడి ఖాళీగా ఉంచాం.

భవదీయుడు,
ఒక గ్రామ యువజన సంఘం కోశాధికారి,
పల్నాడు జిల్లా