పికాసో ఊళ్లో నడిపిస్తామని చెప్పి షాపులో కూర్చోబెట్టారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: స్పెయిన్ టూర్‌లో విడిగా డబ్బు కట్టించుకున్న ‘పికాసో బాల్యం - కాలినడక’ గురించి ఫిర్యాదు.

అయ్యా,

జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడా నేనూ మీ స్పెయిన్ టూర్‌కి వచ్చింది ముఖ్యంగా చిత్రకారుడు పికాసో పుట్టిన ఊరు మాలగా కోసం. ప్యాకేజీ డబ్బులు కాక ఈ నడకకు మనిషికి 6,500 రూపాయలు కట్టాం. రసీదు జతచేశాను.

మీ బ్రోచర్‌లో ఉన్నది మూడు గంటల నడక, పుట్టిన ఇంట్లోకి టికెట్, బాప్తిజం జరిగిన చర్చి. గైడ్ వచ్చిందే 40 నిమిషాలు ఆలస్యంగా. రాగానే మమ్మల్ని పికాసో మ్యూజియం ముందు నిలబెట్టి, “పికాసో పెరిగిన ఇల్లు ఇదే” అన్నాడు. అది 16వ శతాబ్దపు బ్వేనావిస్తా భవంతి. మ్యూజియంగా తెరిచింది 2003లో. పికాసో నాన్న హోసె రూయిజ్ బ్లాస్కో కూడా నాలాగే డ్రాయింగ్ మాస్టారు. మా జీతాలకి అలాంటి భవంతిలో ఒక గదైనా అద్దెకొస్తుందా?

అసలు ఇల్లు ప్లాసా దె లా మెర్సెద్ అనే చౌక్‌లో ఉంది. 1881 అక్టోబరు 25న పికాసో పుట్టింది అక్కడే. 1891లో కుటుంబం లా కొరూన్యాకి వెళ్లిపోయేదాకా ఆ పిల్లాడి ఊరు మాలగాయే. వాళ్ల నాన్నకి పావురాల బొమ్మలంటే ప్రాణం. మేం వెళ్లినప్పుడు చౌక్‌లో పావురాలు కాళ్లకి అడ్డం పడుతున్నాయి. ఒకటి మా ఆవిడ చెప్పు పక్కనే బిస్కెట్ ముక్క పొడుచుకుంటూ ఉంది. ఆ నాలుగు మాటలు అక్కడ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? గైడ్ మాత్రం బెంచీ మీద కూర్చున్న పికాసో కంచు విగ్రహం పక్కన 24 మందికీ వరసగా ఫొటోలు తీశాడు. ఇంట్లోకి వెళ్దామంటే “టికెట్ మీ ప్యాకేజీలో లేదు” అన్నాడు. బ్రోచర్ చూపిస్తే “అది హైదరాబాద్‌లో అడగండి” అన్నాడు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మాలగా కెథడ్రల్‌కి (ఊరి పెద్ద చర్చికి) రెండో గోపురం పూర్తికాకపోవడంతో ఊరివాళ్లు దాన్ని ‘ఒంటిచేతి ఆవిడ’ అంటారని చెప్పాడు. అది నిజమే, బాగా చెప్పాడు కూడా.

అక్కణ్నుంచి విసనకర్రలు, ఫ్రిజ్ మాగ్నెట్లు అమ్మే షాపుకి తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెట్టాడు. చర్చి సంగతి అడిగితే “టైమ్ లేదు సార్” అన్నాడు. సాంతియాగో చర్చి ఆ చౌక్‌కి కూతవేటు దూరం. మా ఆవిడని షాపులో ఉండమని చెప్పి నేనొక్కణ్నే కాయె గ్రనాడా వీధి పట్టుకుని వెళ్లాను. ఇటుకల గంటగోపురం దూరం నుంచే కనబడింది. లోపల చల్లగా ఉంది, మైనం వాసన. 1881 నవంబరు 10న ఆ పసివాడికి బాప్తిజం ఇచ్చిన తొట్టి చూసి, అయిదు నిమిషాలు నిలబడి, తిరిగొచ్చాను. ఆలస్యం చేశానని అందరి ముందూ గైడ్ నన్ను మందలించాడు. 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మనిషి! మర్నాడు పొద్దున్నే మా బస్సు గ్రనాడా నగరానికి బయల్దేరింది కాబట్టి పుట్టిన ఇల్లు బయట గుమ్మం వరకే చూసినట్టయింది.

ఇండియాకి వచ్చాక మీ ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ “గైడ్ లోకల్ వెండర్ సార్, మా చేతుల్లో లేదు” అన్నారు. డబ్బు కట్టించుకున్నది ఆ వెండర్ కాదు, మీరు.

మా ఇద్దరి నడక డబ్బులు 13,000 రూపాయలు 15 రోజుల్లో వాపసు చేయండి. టికెట్ ఇవ్వకపోతే బ్రోచర్‌లోంచి ఆ లైన్ తీసేయండి. షాపు తప్పదనుకుంటే అదీ అందులోనే రాయండి, రావాలో వద్దో జనమే తేల్చుకుంటారు. గడువు దాటితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

జవాబు ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
మీ టూర్‌లో వచ్చిన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, తెనాలి

జతపరచినవి: రసీదు, బ్రోచర్ పేజీ, మూసిన గుమ్మం ముందు మా ఇద్దరి ఫొటో